రేపు వస్తానన్న మేస్త్రీ

"ఆయ్, రేపు పొద్దుటే వచ్చేత్తామండీ!"

మొగల్తూరు మండలంలో ఈ మాట వినని గడప ఉండదు. ఇల్లు కట్టించుకునేవారు, చేపల చెరువు గట్టు ఎత్తు చేయించుకునేవారు, మోటారు బాగు చేయించుకునేవారు, దాళ్వా చేను కోయించుకునేవారు అందరూ విన్నవారే. ఆ రేపు ఆదివారం అవుతుంది. ఆదివారం కాస్తా అమావాస్య అవుతుంది. అమావాస్య వెళ్ళాక మేస్త్రీగారి సెల్‌ఫోను పలకదు. తెల్లవారకుండానే మోటారు సైకిలు వేసుకుని ఆయన ఇంటికి వెళితే "ఇప్పుడే వెళ్ళారండీ" అని లోపలి నుంచి సమాధానం వస్తుంది. ఆయన చెప్పులు మాత్రం అరుగు కింద కనబడుతూనే ఉంటాయి.

ఇక్కడి పనివారికి పనితనం లేదని ఎవరూ అనలేరు. ఈ డెల్టా నుంచి వెళ్ళిన తాపీ మేస్త్రీలు, సెంట్రింగు పనివారు హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ మేడలు కట్టి వచ్చినవారే. ఇటుక మీద ఇటుక పెడితే నూలు పట్టి చూసినా తేడా కనిపించదు. రేటు దగ్గర కూడా పెద్ద పేచీ ఉండదు. వెయ్యి అటూ ఇటూగా అందరూ ఒకటే చెబుతారు. మరి ఊళ్ళో నలుగురు కాంట్రాక్టర్లు ఉంటే ఒకరి చేతిలో ఏడాది పొడుగునా పని ఉండడం, మిగతా ముగ్గురు సగం రోజులు ఖాళీగా కూర్చోవడం ఎందుకు జరుగుతోంది? కారణం అడిగితే కట్టించుకున్న ఇల్లాళ్ళు ఒక్క ముక్కలో చెబుతారు: "పిలిస్తే పలుకుతాడండీ."

పలకడం అంటే వెంటనే వచ్చి వాలిపోవడమని కాదు. రాలేనప్పుడు రాలేనని ముందే చెప్పడం కూడా పలకడమే. ఈ చిన్న సంగతి చాలామంది కాంట్రాక్టర్లకు తలకెక్కడం లేదు. "కుదరదు" అంటే పని చెయ్యి జారిపోతుందన్న భయంతో అన్నిటికీ తల ఊపుతారు. ఒకే గుంపు కూలీలతో నాలుగు ఊళ్ళలో నాలుగు పనులు మొదలుపెడతారు. ఒకచోట పునాది, ఒకచోట లింటెలు, ఒకచోట స్లాబు సగంలో ఆగిపోతాయి. నలుగురికీ అడ్వాన్సు తీసుకున్నారు గనక నలుగురికీ మొహం చాటేయవలసి వస్తుంది. పని చెయ్యి జారకూడదని తల ఊపినవారికి చివరకు పేరే చెయ్యి జారుతుంది.

మిగతా ప్రాంతాల్లో పని నెల ఆలస్యమైతే నెల ఆలస్యమైనట్టే. మొగల్తూరు వంటి శివారు ప్రాంతంలో అంతటితో పోదు. ఈ సంగతి పట్నం ఇంజనీర్లకు చెప్పాలి గాని ఇక్కడి రైతుకు చెప్పనక్కర లేదు. భూమిలో నీరు ఉప్పు. బోరు వేస్తే సముద్రం పలకరిస్తుంది. తాగడానికైనా, సిమెంటు కలపడానికైనా కాలువ నీరే దిక్కు. ఆ కాలువలను ఏటా ఏప్రిల్‌లో కట్టేస్తారు, జూన్‌లో వదులుతారు. మధ్యలో ఊరికి ఆధారం నింపుకున్న మంచినీటి చెరువు ఒక్కటే.

ఇప్పుడు ఒక ఇంటి లెక్క చూడండి. సంక్రాంతి వెళ్ళాక శంకుస్థాపన చేసినవారు మార్చి నెలాఖరుకు స్లాబు పడుతుందని అనుకుంటారు. కాంట్రాక్టరు కూడా అలాగే మాట ఇస్తాడు. మధ్యలో ఇరవై రోజులు కనబడడు. స్లాబు మే నెలకు జరుగుతుంది. అప్పటికి కాలువలో నీరు ఉండదు. ట్యాంకరు నీళ్ళు తెప్పిస్తే ఖర్చు, తెప్పించకపోతే బోరు నీళ్ళు. స్లాబుకు తడి పెట్టవలసిన రెండు వారాలూ ఎండలు మాడ్చేసే రోజులే. చాలాచోట్ల చివరకు ఉప్పునీరే సిమెంటులోకి పోతుంది, ఉప్పునీరే స్లాబు మీద నిలుస్తుంది. ఆ రోజుకు ఏమీ తెలియదు. గృహప్రవేశం బాగానే జరుగుతుంది. కొన్నేళ్ళకు లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది. కాంక్రీటు పెచ్చులు పెచ్చులుగా మంచం మీద రాలుతుంది. అప్పుడు ఇనుము కంపెనీనీ, సిమెంటు కంపెనీనీ తిట్టుకుంటారు. ఆ స్లాబు పాడైంది మార్చిలో రాకుండా పోయిన ఆ ఇరవై రోజుల్లో.

ఇక వడ్డీ లెక్క. పేదవాడైనా, సన్నకారు రైతైనా ఇల్లు మొదలుపెడితే కొంత అప్పు చేయకుండా గడవదు. బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి ఐదు లక్షలు తెచ్చినవారికి నెలకు పదివేలు వడ్డీ. పని మూడు నెలలు సాగితే ముప్పైవేలు. ఉన్న పాకను పీకి అదే స్థలంలో కట్టుకుంటున్నవారికి అద్దె అదనం. ఈ లెక్కన ఇరవైవేలు ఎక్కువ అడిగినా చెప్పిన రోజుకు స్లాబు వేసే కాంట్రాక్టరే చవక. ఊళ్ళో ఆడవాళ్ళు ఈ లెక్కను కాగితం లేకుండానే వేస్తున్నారు. మగవారే ఇంకా చదరపు అడుగుకు రేటెంత అన్న దగ్గర ఆగిపోయి ఉన్నారు.

రెండో పరీక్ష మొదటి వానకు జరుగుతుంది. ఎంత మంచి మేస్త్రీ వేసిన స్లాబైనా మెట్ల దగ్గరో, పిట్టగోడ మొదట్లోనో ఒక చుక్క కారవచ్చు. అది తప్పు కాదు. ఆ చుక్కను చూసి కబురు పెట్టినప్పుడు ఏం జరుగుతుందన్నదే ప్రశ్న. "డబ్బు మొత్తం ముట్టింది కదా, ఇంకేం పని" అనుకునేవారు ఎక్కువ. కొందరు మాత్రం కబురు పెట్టకముందే వస్తారు. తొలకరి వాన పడిన మర్నాడు తాము కట్టిన ఇళ్ళన్నీ ఒకసారి తిరిగి, మేడ ఎక్కి, ఎక్కడ నీరు నిలిచిందో చూసి, కాస్త సిమెంటు పాలు పోసి వెళతారు. దానికి పట్టేది ఒక పూట, సగం బస్తా సిమెంటు. ఆ మేస్త్రీ మేడ దిగే లోపల పక్కింటివారు కాఫీ గ్లాసుతో నిలబడి తమ ఇంటి ప్లాను చూపిస్తూ ఉంటారు. గోడల మీద రంగుల్లో పేరు, ఫోను నంబరు రాయించుకున్న కాంట్రాక్టర్లకు ఈ మర్యాద దక్కడం లేదు. సినిమాల పుణ్యమా అని మొగల్తూరు పేరు తెలుగువారందరికీ తెలుసు. ఊళ్ళో ఒక మేస్త్రీ పేరు పక్క పేటకు చేరడానికి మాత్రం ఇలాంటి కాఫీ గ్లాసే కావాలి.

రొయ్యల చెరువుల దగ్గర పలకడానికి ఉన్న విలువ రూపాయల్లో కనబడుతుంది. 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక పేరుపాలెం, ముత్యాలపల్లి, వారతిప్ప వైపు చెరువుల తీరే మారింది. వెనుకటి టైగరు రొయ్య కంటె పిల్లను ఒత్తుగా వేస్తారు. ఒత్తుగా వేసిన పిల్ల బతకాలంటే నీటిలో గాలి ఆడాలి. పగలు నీటిలోని పాచి ఎండకు ప్రాణవాయువును వదులుతుంది. రాత్రి అదే పాచి కూడా ప్రాణవాయువునే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య నీటిలో గాలి బాగా తగ్గిపోతుంది. సరిగ్గా ఆ వేళకు ఏరియేటరు మోటారు కాలిందంటే రొయ్యలు నీటి పైకి తేలి అల్లాడతాయి. ఒక గంటో రెండు గంటలో, అంతే. మూడు నెలల మేత ఖర్చు తెల్లారేసరికి గట్టు మీద కుప్ప అవుతుంది.

అటువంటి రాత్రి మూడు గంటలకు ఫోను ఎత్తే మోటారు మెకానిక్కుకు ఇక్కడ ప్రచారం అవసరం లేదు. వైండింగు పని అందరికీ వచ్చు. భీమవరంలోనూ పాలకొల్లులోనూ ఇంతకంటె పెద్ద షాపులు ఉన్నాయి. కాని రైతు తన పది చెరువుల మోటార్లూ, జనరేటరూ, ఇంట్లో ఫ్యానుతో సహా ఎవరి చేతిలో పెడతాడంటే ఆ రాత్రి వచ్చినవాడి చేతిలోనే. తాను రాలేకపోతే తోటి మెకానిక్కును నిద్ర లేపి పంపినవాడి చేతిలో అయినా పెడతాడు. చెరువుల యజమానులు రేటు బేరం ఆడని పని ఈ ప్రాంతంలో ఏదైనా ఉందంటే అదొక్కటే. మేత కొట్టు దగ్గర కిలోకు రూపాయి తగ్గించమని గంట సేపు కూర్చునే మనిషి, ఈ మెకానిక్కు చెప్పిన మొత్తం మారు మాట లేకుండా తీసి ఇస్తాడు. ఆ మెకానిక్కు కూడా మరునాడు మళ్ళీ వస్తాడు. మోటారు ఎందుకు కాలిందో, వైరు సన్నమైందా, కరెంటు తక్కువ వస్తోందా అని చూసి పోతాడు. కాలిన మోటారు కట్టి ఇవ్వడంతో పని అయిపోలేదని అతనికి తెలుసు.

ఊళ్ళో మోటారుకే ఇంత ఉంటే ఆనకట్ట గేటుకు ఎంత ఉండాలి? 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్టకున్న 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. జలాశయం నిండుగా ఉంది. రాయలసీమలో లక్షల ఎకరాల పంట ఆ నీటి మీద ఆధారపడి ఉంది. నీరు ఉధృతంగా పోతున్న ఖానాలో కొత్త అడ్డు దించాలి. చిత్తూరు జిల్లాకు చెందిన కన్నయ్యనాయుడు అన్న గేట్ల నిపుణుణ్ణి పిలిచారు. ఉద్యోగ విరమణ చేసి ఎన్నో ఏళ్ళయిన వృద్ధుడాయన. ఈ వయసులో నాకెందుకని ఆయన అనలేదు. వెళ్ళి చూశారు. ముక్కలు ముక్కలుగా ఇనుప పలకలు చేయించి ఒకదాని మీద ఒకటి దించాలన్నారు. ఎండలోనూ వానలోనూ ఆనకట్ట మీదే నిలబడి చేయించారు. మొదటి పలక ఆగస్టు 16న దిగింది. మర్నాటికి ఐదు పలకలూ దిగి నీరు ఆగింది.

అంతటితో అయిపోలేదు. ఆ తరువాత మూడు వారాలు కూడా గడవకుండా, సెప్టెంబరు మొదట్లో కృష్ణకు వరద వచ్చి పడవలు కొట్టుకువచ్చి విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్ల బరువు దిమ్మెలను గుద్దాయి. మళ్ళీ ఆయననే పిలిచారు. మళ్ళీ వచ్చారు. పగిలిన కాంక్రీటు దిమ్మెల స్థానంలో కొత్తవి రోజుల వ్యవధిలో అమర్చారు. రాష్ట్రంలో ఇంజనీర్లకు కొదవ లేదు. అయినా రెండు చోట్లా అధికారులకు మొదట గుర్తుకు వచ్చినది ఒకటే పేరు. ఎందుకంటే పిలిస్తే వస్తాడనీ, వస్తే పని ముగిసే దాకా వెళ్ళడనీ ఆ పేరుకు గుర్తింపు ఉంది. అది ఒక్క రోజులో వచ్చే గుర్తింపు కాదు.

దీనికి ఎదురు చూపు ప్రకాశం జిల్లా గుండ్లకమ్మ. 2022 ఆగస్టు చివర అక్కడ ఒక గేటు కొట్టుకుపోయి జలాశయంలో నీరు వృథాగా పోయింది. గేట్ల మరమ్మతు గురించి మాటలు చాలా నడిచాయి. 2023 డిసెంబరులో తుపాను వెళ్ళిన వెంటనే అదే ప్రాజెక్టులో ఇంకో గేటు కొట్టుకుపోయింది. రెండు ప్రమాదాల మధ్య పదిహేను నెలల వ్యవధి ఉంది. తుంగభద్రలో పట్టింది వారం రోజులు. రెండు చోట్లా ఇనుము ఒకటే, నీరు ఒకటే.

ప్రభుత్వ పనుల్లో ఈ గుణానికి విలువ కట్టే పద్ధతి సరిగా లేకపోవడం అసలు చిక్కు. టెండరు పెట్టె తెరిస్తే చూసేది రేటు. అందరికంటె తక్కువకు వేసినవారికి పని. వెనుకటి పనిలో ఎన్నిసార్లు పిలిస్తే వచ్చారు, వేసిన రోడ్డుకు గుంట పడితే ఎన్నాళ్ళకు పూడ్చారు అన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు. 2019లో వచ్చిన రివర్సు టెండరు పద్ధతి రేటును ఇంకా కిందకు దించడానికే గాని ఈ సంగతి చూడడానికి కాదు. 2024లో దాన్ని తీసేశారు. తీసేసినంత మాత్రాన పిలిస్తే పలికే కాంట్రాక్టరుకు పెద్ద పీట వేసినట్టు కాలేదు.

ఒక్క మేలు మాత్రం చెప్పుకోవాలి. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు ఒక షరతు ఉంది. రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్ళ పాటు దాన్ని చూసుకోవాలి. ఆ సంగతి రోడ్డు మొదట్లో బోర్డు మీద రాసి ఉంటుంది. మన ప్రాంతంలో ఆ బోర్డుల మీద పిడకలు ఆరడం, సినిమా పోస్టర్లు అంటించడం తప్ప చదివేవారు తక్కువ. గుంట పడితే ఎమ్మెల్యేగారి దగ్గరకు వెళతారు గాని బోర్డు దగ్గరకు వెళ్ళరు. ఐదేళ్ళు దాటకముందే అడిగితే బాగు చేయవలసిన మనిషి ఎవరో ఆ బోర్డే చెబుతుంది. మిగతా ప్రభుత్వ పనులకు కూడా కాంట్రాక్టరు డిపాజిట్టులో కొంత భాగం కొన్నాళ్ళ పాటు ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. లోపం వస్తే దాన్ని పట్టుకుని బాగు చేయించడానికే. ఆ గడువు ఎప్పుడు తీరుతుందో ఊరివారు ఎవరూ అడగరు. తీరిన మర్నాడు గుంటలు గుర్తుకొస్తాయి.

కాలువ పనుల సంగతి మరీ విడ్డూరం. కాలువలు కట్టేది ఏప్రిల్‌లో. పూడిక తీత, గట్ల పటిష్ఠం, తూముల మరమ్మతు, డ్రెయిన్లలో గుర్రపుడెక్క తొలగింపు అన్నీ ఆ నెలా నెలన్నరలో జరగాలి. కాగితాలు కదిలి యంత్రాలు దిగేసరికి చాలా ఏళ్ళలో మే సగం వెళ్ళిపోతుంది. చివరి వారంలో పొక్లెయిన్లు రాత్రింబవళ్ళు తిరుగుతాయి. ఈ లోపున నీరు వదిలేస్తారు. నీరు వచ్చాక ఎంత లోతు తీశారో కొలిచేదెవరు? గట్టు మీద పోసిన పూడిక మొదటి వానకు మళ్ళీ కాలువలోకే జారుతుంది. తీసినట్టూ అయింది, తీయనట్టూ అయింది. ఎగువన ఉన్న ఊళ్ళకు దీనివల్ల నష్టం కొంతే. శివారున ఉన్న మొగల్తూరు పొలాలకు సార్వా నారుమడికి నీరందకపోవడం, అక్టోబరు వానలకు మురుగు దిగకపోవడం రెండూ ఇక్కడి నుంచే మొదలవుతాయి. చేను మూడు రోజులు మునిగి ఉంటే కాంట్రాక్టరుకు బిల్లు ఆగదు, రైతుకు గింజ దక్కదు.

1997లో రైతుల చేత సాగునీటి యాజమాన్యం చట్టం వచ్చినప్పుడు నీటి సంఘాలు ఏర్పడి చిన్న చిన్న పనులు రైతులే చేయించుకున్నారు. అందులో కూడా తిన్నవారు తిన్నారు, కాదనలేం. కాని ఒక తేడా కనిపించింది. తూము సరిగా కట్టనివాడు అదే తూము కింద పొలం ఉన్నవాడైతే సాయంత్రం టీ కొట్టు దగ్గర నలుగురికీ సమాధానం చెప్పవలసి వచ్చేది. రాజమండ్రి నుంచో హైదరాబాదు నుంచో వచ్చిన కాంట్రాక్టరును ఏ టీ కొట్టు దగ్గర పట్టుకోగలరు? ఊరివాడికే పని ఇవ్వాలని కాదు, ఎవరికిచ్చినా ఊరికి అందుబాటులో ఒక మనిషి ఉండాలి. అతని ఫోను మోగాలి.

ఈ డెల్టా పుట్టుకే ఒక పట్టుదల కథ. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆర్థర్ కాటన్ పేరు అందరికీ తెలుసు. కూలీలను సమకూర్చి, వారి మధ్య ఉండి పని నడిపించిన వీణం వీరన్న పేరు కొందరికే తెలుసు. గోదావరిలో నీరు తగ్గిన నెలల్లోనే పని జరగాలి, వరద వచ్చేలోగా చేసినంత మేర గట్టిపడాలి. గడువు పెట్టేది కలెక్టరు కాదు, గోదావరి. ఆ ఆనకట్ట ప్రతి వరద తరువాతా కనిపెట్టి చూసుకున్నవారు ఉండబట్టే, 1982లో కొత్త బ్యారేజీ పూర్తయ్యే దాకా నూట ముప్పై ఏళ్ళు పొలాలకు నీరిచ్చింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద పోయినప్పుడు 175 గేట్లూ ఎత్తి ఉంచవలసి వచ్చింది. ఆ రోజు ఒక గేటు మొరాయించి, మెకానిక్కు రేపు వస్తానని ఉంటే ఎలా ఉండేదో చెప్పనక్కర లేదు.

కాంట్రాక్టర్ల వైపు న్యాయం కూడా వినాలి. వారంతా మాట తప్పే మనుషులేమీ కాదు. కట్టించుకునేవారు అడ్వాన్సు సగమే ఇచ్చి ఇసుక, ఇటుక సమయానికి తోలించరు. ఇసుక దొరకని కాలంలో పని ఆగిపోతే నింద మేస్త్రీ మీద పడుతుంది. స్లాబు వేసే ముందు రోజు బావమరిది వచ్చి ఈశాన్యం తగ్గిందంటే గోడ పగలగొట్టమంటారు. దానికి కూలి ఎవరివ్వాలో చెప్పరు. ఒడిశా నుంచి వచ్చిన కూలీలు పండక్కి వెళితే ఎప్పుడు తిరిగి వస్తారో కాంట్రాక్టరుకే తెలియదు. ప్రభుత్వ పని చేసినవారి బాధ ఇంకోటి. బిల్లుల కోసం ఏళ్ళ తరబడి తిరిగి, హైకోర్టు దాకా వెళ్ళిన చిన్న కాంట్రాక్టర్లు ఉన్నారు. వెనుక ఏలూరు వెళ్ళేవారు. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం భీమవరానికి వచ్చాక బస్సు ఛార్జీ తగ్గింది, తిరగడం తగ్గలేదు. పని చేయించుకున్న ప్రభుత్వమే పలకనప్పుడు, పని చేసినవాడు గుంట పూడ్చడానికి పరుగెత్తి రావాలని అడగడానికి నోరు రావాలి కదా.

అయినా ఒక్క మాట. డబ్బు రానప్పుడు పని ఆపడం వేరు, ఫోను ఆపడం వేరు. "ఇసుక రాలేదండి, పది రోజులు పడుతుంది" అని ఎదురుగా వచ్చి చెప్పినవారిని ఏ ఇంటివారూ తిట్టరు. మజ్జిగ ఇచ్చి పంపుతారు. చెప్పకుండా మాయమైనవారి మీదే కోపం. ఈ జిల్లా జనం ఆలస్యాన్ని ఓర్చుకోవడంలో చాలా దిట్టలు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ మీద వంతెనకు ఒకటికంటె ఎక్కువసార్లు శంకుస్థాపన చేస్తే, తరాల తరబడి పంటు మీద దాటుతూనే ఎదురు చూసినవారు. వారిని పది రోజులు ఆగమనడానికి మేస్త్రీ దాక్కోవలసిన అవసరం లేదు.

మండలంలో కొన్నిచోట్ల ఇళ్ళు కట్టించుకుంటున్నవారు ఈ మధ్య ఒక పద్ధతి పెట్టుకుంటున్నారు. ఒప్పందంలో చివరి పది శాతం గృహప్రవేశం నాడు ఇవ్వరు. మొదటి పెద్ద వాన వెళ్ళాక మేస్త్రీ వచ్చి మేడ చూసిన రోజున తాంబూలంలో పెట్టి ఇస్తారు. దానికి బదులుగా ఇటుక, ఇసుక చెప్పిన రోజుకు తోలిస్తామని వారూ కాగితం మీద రాసిస్తారు. మంచి మేస్త్రీలు దీనికి సంతోషంగా ఒప్పుకుంటున్నారు. ఆ పది శాతం ఎలాగూ వస్తుందని వారికి తెలుసు. ఒప్పుకోని వారెవరో కూడా పని మొదలు కాకముందే తెలిసిపోతోంది, అదొక లాభం.

కాలువ పనులకు కూడా ఇలాంటిదే కావాలి. అంచనాలు, టెండర్లు ఫిబ్రవరి, మార్చిలలో ముగించి కాలువ కట్టిన మర్నాడే యంత్రం దిగేలా చూడడం అధికారుల చేతిలో పని. ఎక్కడెక్కడ ఎంత లోతు తీయాలో, కాంట్రాక్టరు ఎవరో, అతని ఫోను నంబరేమిటో లాకుల దగ్గరా, పంచాయతీ ఆఫీసు గోడ మీదా రాయించడానికి ఒక డబ్బా రంగు చాలు. నీరు వదలడానికి వారం ముందు శివారు రైతులను పిలిచి, ఎండిన కాలువలోకి దిగి, వారి ఎదుటే కొలత పట్టాలి. జూన్‌లో నీరు వచ్చాక కొలిచేందుకు ఏమీ మిగలదు. మొగల్తూరు రైతులు అడగదలచుకుంటే అడగవలసిన వేళ మే మూడో వారం, అడగవలసిన చోటు కాలువ గట్టు.